అబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన పల్లపు నేల

ఆ నవల మొదలవడమే కారు కాలవలో పడటంతో మొదలవుతుంది. డిసెంబరు 31 సాయంత్రం. మంచు కురుస్తోంది. తూర్పు నుంచి ఈదురు గాలి. కాలవ పక్కనే తిన్నగా సాగుతున్న రోడ్డు ఉన్నట్టుండి మలుపు తిరిగి ఒక ఇరుకు వంతెన ఎక్కుతుంది. ఆ మలుపు కనపడక డిటెక్టివ్ లార్డ్ పీటర్ విమ్సీ కారు ముందుకు వంగి పక్క గుంటలోకి దిగబడిపోతుంది. ఆయన, ఆయన మనిషి బంటర్ సామాన్లు మోసుకుంటూ, దూరంగా వినిపిస్తున్న చర్చి గడియారం మోతను పట్టుకుని చీకట్లో నడక మొదలుపెడతారు.

డెల్టాలో పుట్టినవాళ్ళకు ఆ సీను వివరించి చెప్పక్కర్లేదు. మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. మా గట్టు రోడ్లన్నీ అంతే. మైలు దూరం తిన్నగా పోయి, పడవలు కింద నుంచి వెళ్ళడానికి ఎత్తుగా కట్టిన వంతెన దగ్గర ఠక్కున తిరుగుతాయి. ఎడ్లబండి దగ్గర్నుంచి పెళ్ళివారి జీపు దాకా అక్కడ కాలవలో దిగనిది లేదు. ఎక్కడో ఇంగ్లండులో రాసిన డిటెక్టివ్ నవల మొదటి పేజీలో మా ఊరి మలుపు కనపడేసరికి, హాస్టల్ మంచం మీద పడుకుని చదువుతున్నవాణ్ణి లేచి కూర్చున్నాను.

ఆ నవల పేరు ‘ది నైన్ టైలర్స్’. రాసినావిడ డొరోథీ ఎల్. సేయర్స్. 1934లో వచ్చింది. నాకు దొరికింది మాత్రం తొంభైల మొదట్లో, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద.

హైదరాబాదులో చదువుకున్న వాళ్ళందరికీ ఆ ఆదివారం పుస్తకాలు తెలుసు. జీపీవో చుట్టుపక్కల షాపులు మూసి ఉంటాయి. ఆ షట్టర్ల ముందు టార్పాలిన్లు పరిచి పాత పుస్తకాలు గుట్టలుగా పోసేవాళ్ళు. ఎంట్రన్స్ గైడ్లు ఒక పక్క, పాత పత్రికలు ఒక పక్క, మధ్యలో వరసా వావీ లేకుండా నవలలు. ఎండ ఎక్కకముందే వెళ్ళాలి, లేకపోతే మంచివన్నీ పోయేవి. నేను మామూలుగా దొరికే థ్రిల్లర్ల కోసమే వెళ్ళాను. మా ఊళ్ళో అద్దె పుస్తకాల షాపులో తెలుగు డిటెక్టివ్ నవలలు నమిలేసి వచ్చినవాణ్ణి, ఇంగ్లిష్ బాగా రావాలంటే ఇంగ్లిష్‌లో అవే చదవమని మా సీనియరు ఒకాయన చెప్పాడు. ఆ మాట నాకు చాలా ఉపకారం చేసింది.

షాపతను రేటు చెప్పాడు, “బీస్ రూపయే సార్, ఏక్ దామ్.” హాస్టల్ కుర్రాడికి ఇరవై అంటే ఆలోచించాల్సిన డబ్బే. ఇంకో రెండు పుస్తకాలు కలిపి బేరమాడాను. అతను మూడూ కలిపి ఒక పాత పేపర్లో చుట్టి, పురికొసతో కట్టి ఇచ్చాడు.

న్యూ ఇంగ్లిష్ లైబ్రరీ వాళ్ళ పేపర్‌బ్యాక్ అది. వీపు మూడు చోట్ల విరిగి, పుస్తకం తెరిస్తే ఆ మూడు చోట్లే తెరుచుకునేది. అంచులు టీ డికాక్షన్ రంగుకి వచ్చేశాయి. మొదటి పేజీలో ఇంకుతో రాసిన పేరు మీద అడ్డంగా గీతలు కొట్టేసి ఉన్నాయి. దాని కింద ఏదో క్లబ్బు లైబ్రరీ రబ్బరు ముద్ర, చదవడానికి వీల్లేనంతగా అలికిపోయింది. అసలు విశేషం చివర్లో ఉంది. ఖాళీగా వదిలిన ఆఖరి పేజీ మీద ఎవరో సన్నగా చెక్కిన పెన్సిల్‌తో అంకెలు వేసుకున్నారు.

12345678
21436587
24163857
42618375

ఇలా పేజీ కిందిదాకా. చక్కటి చేతిరాత. అంకెలు ఒకదాని కింద ఒకటి తీర్చి పెట్టినట్టున్నాయి. మధ్యలో ఒకచోట రబ్బరుతో చెరిపి మళ్ళీ రాశారు. 1 అంకె మీదుగా మాత్రం ఒక గీత ఏటవాలుగా ఎడమ నుంచి కుడికి దిగి, అక్కడ రెండు వరసలు ఆగి, మళ్ళీ ఎడమకి వచ్చింది. పదహారు మార్పుల తర్వాత వరస తిరిగి 12345678 దగ్గరికి వచ్చింది. దాని కింద రెండు గీతలు కొట్టారు.

నవల చదవడం మొదలుపెట్టేదాకా ఆ అంకెలేమిటో నాకు అర్థం కాలేదు. సగం చదివేసరికి, నేనూ పెన్సిల్ తీసి అదే పని మొదలుపెట్టాను.

అవి చర్చి గంటలు. ఫెన్‌చర్చ్ సెయింట్ పాల్ అనే కల్పిత గ్రామంలో ఒక పెద్ద చర్చి, దాని శిఖరంలో ఎనిమిది గంటలు. ఒక్కోదానికి ఒక్కో పేరు. గాడే, సబేయత్, జాన్, జెరికో, జూబిలీ, డిమిటీ, బ్యాటీ థామస్, అన్నిటికన్నా పెద్దది టైలర్ పాల్. ఇంగ్లండులో ఈ గంటలతో పాట వాయించరు. ఎనిమిది మంది మనుషులు ఎనిమిది తాళ్ళు పట్టుకుని, గంటలు మోగే వరసను ప్రతిసారీ మారుస్తూ పోతారు. ఒకసారి వచ్చిన వరస మళ్ళీ రాకూడదు. ఒక్కో గంట ఒక్కసారికి ఒక్క స్థానమే ముందుకో వెనక్కో జరగగలదు, లేదా ఉన్నచోటే ఉండగలదు. ఎందుకంటే ఆ గంట మన గుళ్ళో గంటలాగా వేలాడుతూ ఊగదు. పెద్ద చక్రానికి బిగించి ఉంటుంది. తాడు లాగితే నోరు పైకి ఉన్న గంట చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ నోరు పైకే పెట్టుకుని నిలబడుతుంది. అలా నిలబడిన చోట దాన్ని కాస్త ఎక్కువసేపు ఆపితే ఒక స్థానం వెనకబడుతుంది, కాస్త ముందుగా వదిలితే ముందుకి వస్తుంది. క్వింటాళ్ళ బరువున్న కంచును క్షణంలో భాగం ముందుకో వెనక్కో జరపాలి. గంట కనపడదు, అది పై అంతస్తులో ఉంటుంది. చేతిలో కాగితం ఉండదు, దారి మొత్తం బుర్రలోనే.

ఇది నన్ను పట్టేసింది. ఏడు చర్చి గంటలతో సాధ్యమయ్యే వరసలు 5,040. అవన్నీ మోగించడానికి సుమారు మూడు గంటల సమయం పడుతుంది. ఎనిమిదికైతే 40,320. మొత్తం వరసలన్నీ ఒక్క బిగిన, మనిషి మారకుండా మోగించడం 1963లో ఇంగ్లండులోని లఫ్‌బరోలో జరిగింది. దాదాపు 18 గంటలు పట్టింది. నవలలో ఆ రాత్రి వాళ్ళు తలపెట్టింది 15,840 మార్పులు, అర్ధరాత్రి నుంచి పొద్దున తొమ్మిది దాకా. తీరా ముహూర్తానికి రెండో గంట మోగించాల్సిన విల్ థోడే అనే అతను ఫ్లూ జ్వరంతో పడిపోతాడు. కారు గుంటలో దిగబడి ఆశ్రయం కోసం వచ్చిన విమ్సీకి ఆ విద్య వచ్చునని తెలియగానే చర్చి పాస్టరు గారి ముఖం వెలిగిపోతుంది. ఆ రాత్రంతా చదువుతుంటే నా భుజాలు నొప్పెట్టాయి.

మర్నాడు మెస్‌లో నలుగురం స్టీలు గ్లాసులు తలోటి పట్టుకున్నాం. నీళ్ళు ఎక్కువ తక్కువలు పోసుకుంటే నాలుగు శబ్దాలు వచ్చాయి. చెంచాతో కొట్టడం. 1234, 2143, 2413, 4231, 4321, 3412, 3142, 1324, మళ్ళీ 1234. కాగితం మీద చూస్తే పిల్లల ఆట. చెయ్యబోతే మూడో మార్పుకే ఎవరో ఒకరు పక్కవాడి వంతు తినేసేవారు. నా గ్లాసు నాలుగోది. నేను వినాల్సింది నా శబ్దాన్ని కాదు, నాకంటే ముందు మోగిన వాణ్ణి, ఆ ముందువాడు ప్రతిసారీ మారుతుంటాడు. అది తెలిశాక ఒకే ఒక్కసారి, ఎనిమిది మార్పులూ తప్పు లేకుండా వచ్చాయి. మెస్ వంటవాడు రాంబాబు గారు గరిటె పట్టుకుని అలాగే నిలబడి విని, “ఇంకోసారి కొట్టండి బాబూ” అన్నారు. మళ్ళీ రాలేదు.

ఆ నవల పేరులోని తొమ్మిది కూడా గంటకి సంబంధించినదే. ఊళ్ళో మగవాళ్ళు పోతే పెద్ద గంట తొమ్మిది దెబ్బలు కొడతారు, ఆడవాళ్ళయితే ఆరు. తర్వాత పోయిన మనిషి వయసెంతో అన్ని దెబ్బలు. పొలంలో ఉన్నవాళ్ళు పని ఆపి లెక్కపెట్టుకుని, ఎవరు పోయారో తెలుసుకునేవారు. అది చదివినప్పుడు మా ఊళ్ళో జేగంట, శంఖం గుర్తొచ్చాయి. కాలవ అవతల జేగంట వినపడితే మా నాయనమ్మ చేస్తున్న పని ఆపేసి గుమ్మంలోకి వచ్చి, “ఎవరింటి వైపు నుంచిరా?” అని అడిగేది.

ఈ పుస్తకం మీద పెద్ద పెద్దవాళ్ళకే ఫిర్యాదులున్నాయి. ఎడ్మండ్ విల్సన్ అనే అమెరికన్ విమర్శకుడు 1945లో న్యూయార్కర్ పత్రికలో డిటెక్టివ్ నవలలన్నిటినీ ఉతికేస్తూ, తాను చదివిన అతి విసుగు పుస్తకాల్లో ఇదొకటన్నాడు. గంటల గురించి రాసిన భాగాలు దాటేస్తూ చదివానని కూడా చెప్పాడు. విల్సన్ గొప్ప విమర్శకుడే. కానీ గంటలు దాటేసి ఈ నవల చదివితే చేతిలో మిగిలేది ఏమిటి? ఇరవై ఏళ్ళ కిందట పెళ్ళింట్లో పోయిన పచ్చల హారం, ఈస్టరు వేళ ఒక కుటుంబం సమాధి తవ్వితే అందులో ఉండకూడని రెండో శవం, ఆ శవానికి చేతులు లేకపోవడం, ముఖం ఆనవాలు పట్టలేకపోవడం, చర్చి శిఖరంలో దొరికిన అర్థంపర్థం లేని కాగితం ముక్క. ఇవి ఏ నవలలోనైనా అమర్చుకోవచ్చు. ఈ నవలలో ఆ కాగితం అర్థమవ్వాలంటే గంటల వరస తెలియాలి. చావు ఎలా జరిగిందో తెలియాలంటే ఆ ఊరు తెలియాలి. అంతకుమించి చెబితే చదవబోయేవాళ్ళకి అన్యాయం. నాకు తెలిసి ఒక ఊరి నేల, ఆ ఊరి అలవాటు కథకు ఇంతగా పనిచేసిన డిటెక్టివ్ నవల ఇంకోటి లేదు. ఊరిని అందం కోసం వెనకాల తగిలించిన తెరగా వాడే పుస్తకాలు చాలా చదివాను. అవి చదివేటప్పుడు బాగుంటాయి, నెలకే మర్చిపోతాం.

సేయర్స్ అధ్యాయాలకు పెట్టిన పేర్లు కూడా గంటల వరసలవే. గ్రాండ్‌సైర్ ట్రిపుల్స్, స్టెడ్‌మన్స్ ట్రిపుల్స్, కెంట్ ట్రెబుల్ బాబ్ మేజర్. ఇందులో స్టెడ్‌మన్ అనేది 17వ శతాబ్దంలో లండన్‌లో ఉన్న ఒక అచ్చుపని మనిషి పేరు. ఈ వరసలన్నిటినీ లెక్క ప్రకారం కూర్చి పుస్తకంగా వేసిన మొదటివాళ్ళలో ఒకడు. ముందుమాటలో ఆవిడ మరో మంచి మాట అంటుంది. మోటారు ఇంజన్ల రొదను, జాజ్ బ్యాండ్లను భరించే తరం, దేవుడి మహిమ కోసం చేసే ఈ ఒక్క పెద్ద చప్పుడునే ఎందుకు వద్దంటోందని. ఆ మాట రాసిన ఆరేళ్ళకే, 1940 జూన్‌లో, బ్రిటన్ అంతా చర్చి గంటలు ఆపేశారు. శత్రు సైన్యం దిగితేనే మోగించాలని ఉత్తర్వు. ఎల్ అలమేన్ యుద్ధంలో గెలిచాక 1942 నవంబరులో ఒక రోజు మోగించారు. 1943లో గానీ నిషేధం పోలేదు.

గంటల సంగతి అలా ఉంచితే, నన్ను ఈ పుస్తకానికి కట్టి పడేసింది నీళ్ళు.

ఫెన్స్ అంటే కేంబ్రిడ్జ్‌కి ఉత్తరాన, సముద్రం దాకా పరుచుకున్న పల్లపు నేల. ఒకప్పుడు చిత్తడి, రెల్లు, చేపలు, పక్షులు. 17వ శతాబ్దంలో బెడ్‌ఫర్డ్ ప్రభువు, ఆయనతో చేరి పెట్టుబడి పెట్టినవాళ్ళు కలిసి కొర్నీలియస్ వెర్ముయిడెన్ అనే డచ్ ఇంజనీరును పిలిపించి ఆ నేలను ఆరబెట్టించారు. వంకరలు తిరిగే ఊజ్ నదిని వదిలేసి, సూటిగా ఇరవై మైళ్ళ పైన కొత్త కాలవలు తవ్వారు. సముద్రపు పోటు నీరు పైకి ఎగదన్నకుండా 1651లో డెన్వర్ దగ్గర స్లూయిస్, అంటే మన లాకుల్లాంటి నీటి గేట్లు, కట్టారు. అంతా బాగానే ఉంది గానీ, నీళ్ళు పోయిన నల్ల మట్టి ఆరి, కుంచించుకుని, కిందికి దిగిపోవడం మొదలుపెట్టింది. హోమ్ ఫెన్ అనే చోట 1850ల మొదట్లో ఒక ఇనప స్తంభాన్ని తల నేలమట్టంగా ఉండేలా పాతారు. ఇప్పుడది నేలకు నాలుగు మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. స్తంభం లేవలేదు, నేలే దిగింది. అందుకే ఆ ప్రాంతంలో పొలాలు కింద, నదులు పైన. గట్టు ఒక్కచోట తెగితే చాలు.

కొల్లేటి పక్కన పెరిగినవాడికి దీనికి మించిన సస్పెన్స్ అక్కర్లేదు. బుడమేరు, తమ్మిలేరు కలిసి ఒక్కసారిగా కొల్లేట్లోకి దిగితే, ఉప్పుటేరు అంత నీటినీ లాగలేకపోతే, వెనక్కి తన్నిన నీళ్ళు ఎక్కడికొస్తాయో మాకు తెలుసు. వానాకాలం రాత్రుళ్ళు నాన్న టార్చిలైటు, పలుగు, రెండు ఖాళీ గోనె సంచులు తీసుకుని గట్టు మీదికి వెళ్ళేవారు. ఊరి మగవాళ్ళంతా వంతులు వేసుకుని కాపలా. ఎలక బొరియ ఒక్కటి చాలు గట్టు తెగడానికి అనేవారు. నీటిమట్టం గుర్తు కోసం ఒక తాటి మట్ట గుచ్చి, అరగంటకోసారి లైటు వేసి చూసేవారట. మేం పిల్లలం ఇంట్లో పడుకుని, ఏ రాత్రి గేదెల పలుపులు విప్పాల్సి వస్తుందో అని టెన్షన్ పడుతూ నిద్రపోయేవాళ్ళం.

నవల సగంలో ఒక చిన్న సీను ఉంది. విమ్సీ తిరుగుతూ తిరుగుతూ ఒక పాత స్లూయిస్ దగ్గరికి వెళ్తాడు. అక్కడి కాపలా మనిషి తన గోడు వెళ్ళబోసుకుంటాడు. గేట్లు పుచ్చిపోయాయి. ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాడు. ఈ బోర్డు వాళ్ళు అది ఆ బోర్డు పని అంటారు. ఆ బోర్డు వాళ్ళు మూడో వాళ్ళని చూపిస్తారు. ఎవరు డబ్బు పెట్టాలో తేలేలోపు గేట్లు అలాగే ఉంటాయి. హత్యకేసుకి, దీనికి సంబంధం లేనట్టే ఉంటుంది. చాలామంది పాఠకులు ఆ రెండు పేజీలు గబగబా తిప్పేస్తారనుకుంటా.

నేను తిప్పలేకపోయాను. మా లాకు దగ్గర లస్కరు ఒకాయన ఉండేవాడు. ఖాకీ చొక్కా, కాళ్ళకి చెప్పుల్లేకుండా, చెవిలో సగం కాల్చిన చుట్ట. షట్టరు ఎత్తే స్క్రూ తుప్పు పట్టి తిరగదు. తారు, గ్రీజు కావాలని రాసి పంపిస్తాడు, రాదు. మరి వరదొస్తే ఏం చేస్తావు మావయ్యా అంటే, “పదిమందిని పిలిచి గడ్డపలుగేసి తిప్పిస్తాను బాబూ, ఇంకేం చేస్తాను” అనేవాడు. నిజంగానే అలాగే తిప్పించేవాడు. సేయర్స్ ఆ కాపలా మనిషి చేత మాట్లాడించిన తీరు చూసి, ఈవిడ ఇలాంటి మనిషిని దగ్గర్నుంచి చూసి ఉండాలి అనుకున్నాను.

తర్వాత ఎప్పటికో ఆవిడ జీవితం గురించి చదివితే, చూసిన మాట నిజమేనని తెలిసింది. ఆవిడ 1893లో ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టింది. నాలుగేళ్ళప్పుడు తండ్రి రెవరెండ్ హెన్రీ సేయర్స్‌కి ఫెన్స్ అంచున బ్లంటిషం అనే ఊళ్ళో పాస్టరు పని దొరికింది. చర్చి పక్కన పెద్ద ఇల్లు, దగ్గరలోనే ఊజ్ నది. ఒక్కతే కూతురు, ఆ ఇంట్లోనే పెరిగింది. అక్కడి సమాధి రాళ్ళ మీద ఈ నవలలో కనిపించే ఇంటిపేర్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత తండ్రి ఇంకా లోపలికి, ఫెన్స్ నడిమధ్యలో క్రైస్ట్‌చర్చ్ అనే ఊరికి మారాడు. ఆవిడ లండన్‌లో బెన్‌సన్ అనే అడ్వర్టైజింగ్ కంపెనీలో ప్రకటనలు రాస్తూ, ఆ ఉద్యోగం చేస్తూనే డిటెక్టివ్ నవలలు రాసింది. 1928లో తండ్రి పోయాడు, మరుసటి ఏడాది తల్లి. ‘ది నైన్ టైలర్స్’ వచ్చింది ఆ తర్వాతే.

ఈ తేదీలు తెలిశాక నవలలోని పాస్టరు వెనబుల్స్ గారు నాకు మరింత దగ్గరయ్యాడు. ఏ కాగితం ఎక్కడ పెట్టాడో గుర్తుండదు. మాట మొదలుపెట్టి ఇంకో మాటలోకి వెళ్ళిపోతాడు. భార్య వెనకాలే తిరుగుతూ మఫ్లరు అందిస్తుంది. డిటెక్టివ్ నవలల్లో ఇలాంటి పాత్రలను నవ్వించడానికి పెడతారు. కానీ ఇక్కడ వరద వచ్చిన రోజున ఆ మనిషే ఊరికి దిక్కు. చర్చి ఎత్తు మీద ఉంటుంది కాబట్టి ఊరంతా అక్కడికే రావాలి. పడకలు ఎక్కడ, వంట ఎక్కడ, పశువులు ఎక్కడ, రోగులను ఎవరు చూడాలి, అన్నీ ముందే ఆలోచించి రాసి పెట్టుకుని ఉంటాడు. గంటలు మోగించి చుట్టుపక్కల వాళ్ళందర్నీ పిలిపిస్తాడు. ఆ పేజీలు రాసేటప్పుడు ఆవిడ మనసులో తండ్రి ఉన్నాడా లేడా అని నేను తేల్చలేను. నేను మాత్రం ఆ పేజీలు చదివినప్పుడల్లా గోనె సంచులు భుజాన వేసుకుని చీకట్లో వెళ్తున్న నాన్ననే చూస్తాను.

నవల వచ్చిన పదమూడేళ్ళకు, 1947 మార్చిలో, ఫెన్స్ నిజంగానే మునిగింది. ఆ చలికాలం కురిసిన మంచు ఒక్కసారి కరిగి, దానికి వాన, తుఫాను గాలి తోడై గట్లు తెగాయి. పుస్తకంలోని వరద కల్పితమే. కానీ ఆ నేల గురించి తెలిసినవాళ్ళెవరూ అది అతిశయోక్తి అనుకుని ఉండరు.

ఉద్యోగాలు, ఇళ్ళు మారడాల్లో నా పాత పుస్తకాలు చాలా పోయాయి. ఇది మాత్రం నాతోనే తిరిగింది. వీపుకి రెండుసార్లు బ్రౌన్ పేపర్, మైదా పిండి జిగురుతో అతుకు వేశాను. కొన్నేళ్ళ కిందట మా చెల్లెలు వాళ్ళ కుటుంబం పీటర్‌బరోలో స్థిరపడితే, వాళ్ళని చూడ్డానికి వెళ్తూ బ్యాగులో పెట్టుకెళ్ళాను. పీటర్‌బరో నుంచి ఈలీ వెళ్ళే రైల్లో మార్చ్ అనే స్టేషను వస్తుంది. ఆ దారంతా ఫెన్సే. కిటికీలోంచి చూస్తే బల్లపరుపు నేల, నల్ల రేగడి కంటే నల్లటి మట్టి, స్కేలు పెట్టి గీసినట్టున్న కాలవలు. ఒకచోట గట్టు మీద పడవ పోతోంది, దాని కింద పొలంలో ట్రాక్టరు. పడవ ట్రాక్టరు కంటే ఎత్తులో ఉంది.

మార్చ్ ఊళ్ళో సెయింట్ వెండ్రెడా చర్చి చూశాం. నవలలో ఫెన్‌చర్చ్ చర్చికి కప్పు నిండా చెక్కతో చేసిన దేవదూతలు ఉంటారు. సేయర్స్ ఏ ఒక్క చర్చినీ ఉన్నది ఉన్నట్టు దింపలేదు, బొమ్మ కూడా ఒక ఆర్కిటెక్టు చేత ప్రత్యేకంగా గీయించుకుంది. కానీ అలాంటి కప్పు ఎలా ఉంటుందో చూడాలంటే ఇక్కడికే రావాలి. వందకు పైగా దేవదూతలు, వరసల మీద వరసలు, రెక్కలు పూర్తిగా విప్పి. ఓక్ చెక్క వయసు మీరి ముదురు రంగుకి తిరిగింది. మెడ నొప్పెట్టేదాకా చూశాను. కొందరి చేతుల్లో వాయిద్యాలున్నాయి. ఆ చెక్కినవాళ్ళు ఈకలు ఒక్కోటీ విడిగా కనపడేలా చెక్కారు, అంత ఎత్తున ఎవరు చూస్తారని ఊరుకోలేదు.

అక్కణ్ణుంచి చెల్లెలు కారు నడుపుతుంటే డెన్వర్ స్లూయిస్‌కి వెళ్ళాం. తను డిటెక్టివ్ నవలలు చదవదు. గంటల గురించి నేను చెప్పిందంతా దారి పొడుగునా ఓపిగ్గా విన్నది. అక్కడ దిగి, ఆ పెద్ద ఇనప గేట్లు, అవతల పోటు మీద ఉన్న నది, ఇవతల మట్టం తగ్గి ఉన్న నీళ్ళు చూసి, మొదట అడిగింది ఒక్కటే.

“అన్నయ్యా, ఇక్కడ లస్కరు ఎవరు?”

ఇప్పుడన్నీ మోటార్లే, ప్రభుత్వ సంస్థ ఒకటి చూసుకుంటుందని చెప్పాను. తను గేటు గైడు పట్టాల దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. గ్రీజు మెరుస్తోంది. “నాన్న చూస్తే ఎంత సంతోషించేవారో” అంది.

నేను తిరుగు ప్రయాణమయ్యేటప్పుడు పుస్తకం తన దగ్గర వదిలి వచ్చాను. నెల తర్వాత ఫోన్ చేసింది. హంతకుడి గురించి ఒక్క మాట మాట్లాడలేదు. వెనబుల్స్ గారి భార్య లేకపోతే ఆ ఊళ్ళో ఒక్క పని జరగదని, వరదలో అంతమందికి టీలు, దుప్పట్లు అందించింది ఆవిడేనని, నేను చెప్పినప్పుడల్లా పాస్టరు గారి పేరే చెప్పి ఆవిణ్ణి వదిలేశానని దెబ్బలాడింది. ఆ మాటకి మేమిద్దరం ఇప్పటికీ వాదించుకుంటాం. ఇప్పుడు మా మేనకోడలు చదువుతోంది. అంకెల పేజీ దగ్గర ఆగిపోయి, ఆ పెన్సిల్ వరసల కింద ఆరు చర్చి గంటలకి తన సొంత వరసలు వేసుకుంటోందట. 720 ఉంటాయని తనకి తనే లెక్క కట్టుకుంది. పేజీ చాలక నోటుబుక్కులోకి వెళ్ళింది.